బొమ్మకు బొమ్మ తోడు

తొండం పైకెత్తిన ఏనుగు. కింద నేల లేదు, వెనక అడవి లేదు, మీద మావటి లేడు. బొటనవేలి గోరంత పోటిన్ అనే మిశ్రలోహపు నాణెం మీద అదొక్కటే ఉంది. దాని చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు నడవాల్సిన చోట రెండు మూడే మిగిలాయి. అచ్చు పెద్దది, లోహపు బిళ్ళ చిన్నది. అందుకే అచ్చులో ఉన్న పేరంతా ఏ ఒక్క నాణెం మీదా పట్టదు. ఒకదాని మీద 'సిరి' అన్న మాట పడుతుంది, ఇంకోదాని మీద 'పుళుమా' దాకా వచ్చి ఆగిపోతుంది, మరోదాని మీద రాజు పేరు చివరి అక్షరం ఒక్కటే అంచున వేలాడుతుంది. చదివేవాడు ఏం చేస్తాడు? నాణేలన్నీ పక్కపక్కన పరుస్తాడు. దీనిలో లేనిది దానిలోంచి, దానిలో తెగినది ఇంకోదానిలోంచి తెచ్చుకుని, ఏ ఒక్క నాణెమూ పూర్తిగా పలకని రాజు పేరును నాలుగు నాణేల నోట పలికిస్తాడు. శాతవాహనుల పోటిన్ నాణేలను పండితులు చదివింది చాలా మటుకు ఇలాగే. నాకు ఈ పద్ధతి అద్భుతంగా తోస్తుంది. అర్థం బొమ్మలో లేదు, బొమ్మల పొత్తులో ఉంది.

ఈ నాణెం ఉన్నది సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఆఫీసులున్న కొండాపూర్ వేరు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల గొట్టాలు, మందుల కంపెనీల గోడలు దాటి, సంగారెడ్డి దాటి వెళితే కోటగడ్డ అని ఊరివాళ్ళు పిలిచే మట్టిదిబ్బ ఉంటుంది. 1940 నుంచి 1942 దాకా నిజాం రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వింది. అప్పటికి గులాం యాజ్దానీ శాఖాధిపతి, దగ్గరుండి తవ్వించింది ఖ్వాజా మహమ్మద్ అహ్మద్. సీసం, రాగి, పోటిన్ నాణేలు వేలల్లో బయటపడ్డాయి. వాటితో పాటు నాణేలు పోసే మట్టి అచ్చులూ దొరికాయి కనుక ఇక్కడొక టంకశాల ఉండేదని అన్నారు. రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి దొరికింది. పూసలు, శంఖపు గాజులు, తెల్లని కయోలిన్ మట్టితో చేసిన స్త్రీల బొమ్మలూ ఉన్నాయి. ఆ బొమ్మల కొప్పుల అల్లిక చూస్తే వేళ్ళు ఊరుకోవు. ఇప్పుడు వాటిలో ఎన్నో దిబ్బ పక్కనే, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ మ్యూజియంలో ఉన్నాయి.

నేను టారో కార్డులు చదువుతాను. జోస్యం కోసం కాదు. వంద చిన్న బొమ్మలు ఒకేసారి కళ్ళ ముందు ఉంటే వాటి మధ్య తీగలు ఎలా అల్లుకుంటాయో చూడడం నాకిష్టం. కొండాపూర్ గాజు పెట్టెల ముందు నిలబడ్డప్పుడు నా కన్ను చేసే పని, చాప మీద పది కార్డులు పరిచినప్పుడు చేసే పని ఒకటేనని నమ్ముతాను. ఏనుగు, దాని వెనక నాలుగు వలయాలను కూడలి గుర్తుతో కలిపిన ఉజ్జయిని చిహ్నం, మూడు వంపుల కొండ, కంచె లోపల చెట్టు, అడుగున అల గీత. ఈ చిన్న పరివారం మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి ఒక్కో పొత్తులో వస్తుంది. విద్ధాంక నాణేల మీదయితే ఇది ఇంకా స్పష్టం. ఆ వెండి ముక్కల మీద ఒక వైపు ఐదు గుర్తులు గుద్దేవారు. మగధ కాలపు నాణేల్లో సూర్యుడు, ఆరు చేతుల చక్రం సాధారణంగా స్థిరంగా ఉంటాయి. మిగిలిన మూడే మారుతుంటాయి. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల నిధిని పరమేశ్వరీలాల్ గుప్తా వర్గీకరించిన పుస్తకం 1963లో హైదరాబాదులో అచ్చయింది. ఆ వర్గీకరణ అంతా నిలిచేదేది, మారేదేది అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నిలిచేదాన్ని గుర్తు పట్టని కంటికి మారేది కనబడదు.

టారోకి వస్తాను. డెక్‌లో 78 కార్డులు. అందులో 22 మేజర్, 56 మైనర్. మైనర్‌వి నాలుగు రంగులు: కప్స్, స్వోర్డ్స్, వాండ్స్, పెంటకిల్స్. ఒక్కో రంగులో పద్నాలుగు. పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో ఇవి పేకాటకే పుట్టాయి. వాటితో భవిష్యత్తు చెప్పడం ప్రచారంలోకి వచ్చింది మూడు వందల ఏళ్ళ తర్వాత, ఫ్రాన్సులో. ఇవాళ హైదరాబాదు కేఫ్‌లోనైనా, సంగారెడ్డిలో ఎవరి ఫోనులోనైనా కనబడే బొమ్మలు ఎక్కువ భాగం 1909 నాటివి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ గీయించాడు, రైడర్ కంపెనీ లండన్‌లో ప్రచురించింది. గీసింది పమేలా కోల్మన్ స్మిత్. నా అభిమానమంతా ఆమె మీదే. అంతకు ముందు చాలా డెక్‌లలో మైనర్ కార్డంటే ఐదు కప్పులు, ఏడు కత్తులు వరసగా అమర్చినవి, మన పేకముక్కల్లాగే. పమేలా ప్రతి అంకెకూ ఒక మనిషిని, ఒక ఆకాశాన్ని, ఒక సంఘటనను ఇచ్చింది. ఆమెకు నాటకరంగం తెలుసు. వేషం, భంగిమ, తెర, వెనక దృశ్యం తెలిసిన చెయ్యి అది. ఒక పెట్టెలో 78 దృశ్యాలు పెట్టి, ఏ రెండిటినైనా పక్కపక్కన పెట్టుకోమని మన చేతికిచ్చింది.

తెలుగు పద్యం చదివిన చెవికి ఈ పొందికలు రెండు తీరులుగా వినబడతాయి. ఒకటి ప్రాస. పాదపాదంలో రెండో అక్షరంగా అదే హల్లు తిరిగి రావాలి. అది దాచుకోదు, ముందుకొచ్చి నిలబడుతుంది. రెండోది యతి. అక్కడ అదే అక్షరం కానక్కర్లేదు, మైత్రి ఉన్న అక్షరం చాలు. అకారంతో యకారం, హకారం చెలిమి చేస్తాయి. వినీ వినబడనట్టు ఉండే ఆ చుట్టరికాన్ని పట్టుకున్నవాడు పద్యాన్ని లోపలినుంచి విన్నట్టు. కార్డుల్లో ప్రాసను ఎవరైనా పట్టుకుంటారు. మూడు ఎనిమిదులు పడ్డాయి, నాలుగు కప్పుల కార్డులు పడ్డాయి అని చెప్పడానికి చదువు అక్కర్లేదు. యతిమైత్రికి మాత్రం కన్ను చాలాకాలం కార్డులతో కాపురం చేయాలి.

పమేలా యతులు చూడండి. స్టార్ కార్డులో నగ్నంగా ఉన్న స్త్రీ ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో పాదం నీటి మీద పెట్టి, రెండు కూజాల నీళ్ళు ఒంపుతుంది. ఒకటి కొలనులోకి, ఒకటి నేల మీదికి. టెంపరెన్స్ కార్డులో దేవదూత ఒక పాదం నేల మీద, ఒక పాదం నీటిలో పెట్టి ఒక కప్పులోంచి ఇంకో కప్పులోకి ధార పోస్తుంటాడు. రెండు కార్డులూ ఒకే పరుపులో, అంటే ఒకసారి పరిచిన కార్డుల్లో, పడితే ఒక చెయ్యి మొదలుపెట్టిన పనిని ఇంకో చెయ్యి సాగించినట్టు ఉంటుంది. దేవదూత ధార రెండు పాత్రల మధ్యే తిరుగుతుంది, ఒక్క చుక్కా బయటికి పోదు. స్టార్ స్త్రీ ధార ఆగదు, నేలంతా పారుతుంది. అదే భంగిమ, అదే నీరు, కానీ ఒకటి పొదుపు, ఒకటి సమర్పణ. పక్కపక్కన పెట్టనంత కాలం ఈ తేడా ఏ కార్డూ చెప్పదు.

ఫూల్ కార్డులో కొండ అంచున నడిచే కుర్రాడి చేతిలో తెల్ల గులాబీ ఉంటుంది. డెత్ కార్డులో కవచం తొడిగిన అస్థిపంజరం మోసే నల్ల జెండా మీదా తెల్ల గులాబీయే. ఈ రెండూ ఒకే పరుపులో పడ్డప్పుడు నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. బయలుదేరినవాడి చేతి పువ్వు, ముగించేవాడి జెండా మీద వికసించింది. ఆ డెత్ కార్డు వెనక దూరంగా రెండు బురుజులు, వాటి నడుమ సూర్యుడు. మూన్ కార్డులోనూ రెండు బురుజులే. వాటి మధ్య దారి, దారి మొదట్లో కొలను, కొలనులోంచి పైకి పాకే రొయ్యలాంటి జీవి, ఇటూ అటూ కుక్కా తోడేలూ. అవే బురుజులను ఒకసారి పగటి వెలుగులో, ఇంకోసారి వెన్నెల భయంలో చూస్తున్నామా అనిపిస్తుంది. డెత్ గుర్రం తెల్లది. సన్ కార్డులో పసివాడు ఎక్కిన గుర్రమూ తెల్లదే. హై ప్రీస్టెస్ వెనక తెర మీద దానిమ్మ పళ్ళు, ఎంప్రెస్ గౌను మీద దానిమ్మ పళ్ళు. ఒకచోట రహస్యంగా తెరకు అతుక్కున్న పండు, ఇంకోచోట కట్టుకుని తిరిగే బట్ట అయింది. మెజీషియన్ తల మీద పడుకున్న ఎనిమిది అంకె స్ట్రెంత్ స్త్రీ తల మీదా ఉంది. అదే ముడి టూ ఆఫ్ పెంటకిల్స్‌లో రెండు బిళ్ళలు ఆడించే కుర్రాడి చేతుల్లో తాడుగా తిరుగుతుంది. అతని వెనక సముద్రంలో ఓడలు ఎగసిపడుతుంటాయి. ఓడలను వెతకడం మొదలుపెడితే త్రీ ఆఫ్ వాండ్స్‌లో ఉన్నాయి, కింగ్ ఆఫ్ కప్స్ సింహాసనం వెనక ఉంది, డెత్ గుర్రం వెనక నదిలో కూడా చిన్న తెరచాప పడవ ఉంది. శాతవాహన రాజుల నాణేల్లోనూ ఓడ ఉంది, రెండు తెరచాప కొయ్యలతో. అది ఎక్కువగా కోస్తా వైపు దొరికే నాణెం. రాజ్యం సముద్రం దాకా పాకిందని ఒక్క బొమ్మ చెప్పింది.

అయితే ప్రతి పొందికకూ పొంగిపోవడం రసజ్ఞత కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే టారో చదివేవాళ్ళు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. పది కార్డుల పరుపులో సగటున మూడుకు కాస్త తక్కువగా మేజర్ కార్డులు పడతాయి, డెక్‌లో వాటి వాటా అంతే కనుక. మూడు మేజర్లు పడితే విధి తలుపు తట్టిందనడం లెక్క తెలియని ఉద్వేగం. ఏడు మైనర్ కార్డులు పడ్డాయనుకోండి, నాలుగుసార్లలో మూడుసార్లు ఏదో ఒక అంకె గానీ, కింగ్ లాంటి హోదా గానీ కనీసం జంటగా కనబడుతుంది. అది వింత కాదు, అది నేల. అదే ఏడింటిలో ఒకే అంకె గానీ హోదా గానీ మూడుసార్లు రావడం మాత్రం పదిహేనింట ఒక్కసారే. అది వచ్చినప్పుడు ఆగి చూడాలి. విద్ధాంక నాణేలను వర్గీకరించినవాడు సూర్యుణ్ణి చూసి ఉబ్బిపోడు, సూర్యుడు ఎప్పుడూ ఉండేవాడే కాబట్టి. నాలుగో గుర్తో ఐదో గుర్తో మారిన చోట అతని చూపు నిలుస్తుంది. ఈ నిగ్రహం లేని ఆనందం నాకు రుచించదు. నిగ్రహంతో వచ్చిన ఆనందం మాత్రం చాలా సేపు నిలుస్తుంది.

మన ఊళ్ళలో బొమ్మలతో జోస్యం చెప్పే పాత పద్ధతి చిలక జోస్యం. పంజరం తలుపు తీస్తే రామచిలుక బయటికొచ్చి, వరసలోంచి ఒక కవరు ముక్కుతో లాగి, గింజ తిని లోపలికి వెళ్తుంది. కవరులో దేవుడి బొమ్మ. జోస్యుడి గొంతులో ఆ దేవుడి కథ మన ఇంటి కథగా మారిపోతుంది. అక్కడ కళ గొంతులో ఉంది, బొమ్మ ఒక్కటే కనుక దానికి పక్క బొమ్మ తోడు లేదు. (1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలుకను అలా బంధించడం నేరం. చిలుక ఎగిరిపోవడమే మంచిది.) టారోలో రసం పుట్టేది రెండో కార్డు పడ్డాక. మొదటి కార్డు ఒక మాట, రెండోది పడగానే వాక్యం మొదలవుతుంది.

భరతుడు రసం ఎలా పుడుతుందో చెప్పేటప్పుడు సంయోగం అన్నాడు. విభావం, అనుభావం, వ్యభిచారి భావం, ఏదీ ఒంటరిగా రసం కాదు. బెల్లం, మిరియం, దినుసులు కలిసి పానకం అయ్యాక అందులో బెల్లాన్ని వేరు చేసి చూపలేం. అది బెల్లంలో లేని రుచి. తర్వాత ఆనందవర్ధనుడు మాట పలకని అర్థం మాట వెనక మోగుతుందని అన్నాడు. పరిచిన కార్డులను చూస్తూ నేను ఈ ఇద్దరినీ తలుచుకుంటాను. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్‌లో దుఃఖం ఉంది, మూన్‌లో భయం ఉంది అని పుస్తకాల్లో రాసుకున్న అర్థాలు విడివిడి దినుసులు. పరుపు మొత్తాన్ని చూసినప్పుడు వచ్చే రుచి ఆ రెండిట్లో ఏదీ కాదు. అర్థాల పట్టిక బట్టీ పట్టి కార్డు తర్వాత కార్డు చదువుకుంటూ పోయేవాళ్ళు నిఘంటువును పద్యమనుకునేవాళ్ళు.

పటాన్‌చెరులో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి ఒకరోజు నా ముందు కూర్చుంది. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది. షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతికి ఇంకా గ్లవ్స్ తీసిన తెల్లదనం ఉంది. "ఈ పని ఇడిసిపెట్టాల్నా, ఉండాల్నా అక్కా?" అని అడిగింది. ఆమే కార్డులు కలిపింది. పది పరిచాను. మేజర్లు మూడు: మూన్, స్టార్, హైరోఫాంట్. మైనర్లలో ఎనిమిదులు మూడు: కప్స్, స్వోర్డ్స్, వాండ్స్. మిగిలినవి సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్, త్రీ ఆఫ్ వాండ్స్, నైన్ ఆఫ్ వాండ్స్.

నేను ఎనిమిదులను చూస్తున్నాను. ఆమె అవేవీ చూడలేదు. చాప మీదికి వంగి, "అక్కా, దాదాపు అన్నిట్ల నీళ్ళే ఉన్నయ్ గదా?" అంది. నిజమే. ఎయిట్ ఆఫ్ కప్స్‌లో కప్పులు వదిలేసి వెళ్ళేవాడి పక్కన నీళ్ళు. ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్‌లో కట్టేసిన స్త్రీ పాదాల దగ్గర నీటి మడుగులు. ఎయిట్ ఆఫ్ వాండ్స్‌లో ఎగిరే కర్రల కింద నది. టూ ఆఫ్ స్వోర్డ్స్‌లో కూర్చున్న స్త్రీ వెనక సముద్రం. మూన్ కొలను, స్టార్ కొలను, సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ పడవ కింద నీరు, త్రీ ఆఫ్ వాండ్స్ ముందు సముద్రం. ఎనిమిది కార్డుల్లో నీళ్ళు. మళ్ళీ చూసి, "వీళ్ళందరు అటు దిక్కు మొకం పెట్టిన్రేంది?" అంది. కప్పులు విడిచి వెళ్ళేవాడి వీపే కనబడుతుంది. పడవలో వెళ్ళే స్త్రీ, బిడ్డ, పడవ నడిపేవాడు, అందరి వీపులే. సముద్రం ఒడ్డున వాండ్స్ మధ్య నిలబడ్డవాడి వీపే. ఐదుగురూ మనవైపు చూడరు. ఆమె చెప్పని మూడోది నేను చెప్పాను. ఇద్దరు స్త్రీలకు కళ్ళకు గంతలున్నాయి. ఒకామె రెండు కత్తులు గుండెల మీద తనే అడ్డంగా పట్టుకుని కూర్చుంది. ఇంకొకామె చుట్టూ ఎనిమిది కత్తులు దిగి ఉన్నాయి, ఆమె చేతులు కట్టేసి ఉన్నాయి. ఈ గంతా ఆ గంతా యతి. ఒకటి తను కట్టుకున్నది, ఒకటి ఎవరో కట్టింది. పక్కపక్కన చూస్తే ఏది ఎప్పుడు ఏదిగా మారిందో అన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది.

ఇక ప్రాస. మూడు ఎనిమిదులు, పదిహేనింట ఒక్కసారి వచ్చే పొందిక. నాలుగోది రాలేదు. రాని ఆ ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ ఏమిటో చెబితే ఈ పరుపు అందం తెలుస్తుంది. అందులో ఒక పనివాడు బల్ల మీద కూర్చుని సుత్తితో బిళ్ళ చెక్కుతుంటాడు, చెక్కినవి పక్కన స్తంభానికి తగిలించి ఉంటాయి. 78 కార్డుల్లో పని గురించి అంత సూటిగా మాట్లాడే బొమ్మ ఇంకోటి లేదు. అదొక్కటే కాదు, పెంటకిల్ రంగు కార్డు ఒక్కటీ పడలేదు. పది కార్డుల్లో ఒక ఫలానా రంగు అసలు రాకపోవడం ఎనిమిదింట ఒకసారి జరిగేదే, అంత అరుదేమీ కాదు. కానీ పని గురించి అడగడానికి వచ్చిన మనిషి ముందు, మూడు ఎనిమిదుల మధ్య, పనివాడి ఎనిమిది ఖాళీగా ఉండడం వేరు. పద్యంలో ప్రాస మూడు పాదాల్లో పలికి నాలుగో పాదంలో పలకకపోతే చెవి అక్కడే ఆగుతుంది. నేను అక్కడే ఆగాను.

"పని గురించి అడిగావు. పని బొమ్మ ఒక్కటీ పడలేదు. వెళ్ళిపోవడం గురించే పడ్డాయి" అన్నాను.

"కంపెనీ గాదక్కా. ఇల్లు" అంది.

ఈ మాట నాకు తెలియదు, కార్డులకూ తెలియదు. 1909లో లండన్‌లో ఒక చిత్రకారిణి గీసిన వీపులు, నీళ్ళు, గంతలు ఆ సాయంత్రం ఆ వరసలో పడడం కేవలం కలిపిన చేతి యాదృచ్ఛికం. ఆ యాదృచ్ఛికంలోంచి ఆకారాన్ని లేపింది ఆమె కన్ను. నా కన్నా ముందు నీళ్ళను చూసింది ఆమె. ఎందుకంటే ఆమె చూడవలసిన నీళ్ళు అవి. టారో చదవడంలో నేను ప్రేమించేది ఈ ఘడియనే. తన సంగతి తన లోపల ఉన్నంతసేపు ఎదురుగా చూడలేని మనిషి, అది పది బొమ్మల్లో పరిచి ఉంటే వేలు పెట్టి చూపించగలుగుతుంది. వేరే ఎవరిదో పడవ, వేరే ఎవరిదో బిడ్డ. ఆ దూరం వల్లే దుఃఖం చూడదగినదవుతుంది. మన అలంకారికులు సాధారణీకరణం అన్న పేరుతో నాటకశాల గురించి చెప్పింది చాప మీద జరగడం చూశాను.

తర్వాత చాలాసేపు మేం సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ ఒక్కదాన్నే చూశాం. పడవకు ఒక పక్క నీరు అలలుగా ఉంటుంది, ఇంకో పక్క నున్నగా ఉంటుంది. పమేలా ఆ తేడాను నాలుగు గీతలతో చేసింది. పడవలో ఆరు కత్తులు నిలువుగా దిగి ఉన్నాయి. తీసేస్తే నీళ్ళొస్తాయేమో, మోసుకెళ్ళాల్సిందేనేమో. ఆమె అలల పక్కను చూపించి ఇది అత్తగారిల్లు అంది, నున్నని పక్కను చూపించి ఇదేందో తెల్వదు అంది. ఆ కార్డు పది కార్డుల పరుపులో తొమ్మిదో చోట పడింది. ఆశలు, భయాలు అని ఆ చోటికి పేరు. ఇది ఆశనా, భయమా అని ఆమె అడిగింది. ఆ స్థానంలో రెండిటికీ ఒకే కార్డు పడుతుందని చెప్పాను.